వచ్చింది

సుద్దముక్క గోరంత అయ్యేదాకా
మిస్ టిబ్బో చెప్పింది ఒకటే మాట:
సర్వనామం చేబదులు లాంటిది,
ఎవరి దగ్గర తెచ్చావో వాళ్ళ ఖాతాలోనే జమ కట్టాలి.
ఒకరి దగ్గర తెస్తే ఒకరికి,
పదిమంది దగ్గర తెస్తే పదిమందికి.

న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు కొసన గల్‌రాక్ కోవ్.
పదిహేడు ఇళ్ళు, ఒక చర్చి,
కాడ్ చేపలు ఎండబెట్టే కర్ర మంచెలు,
ఒకే గదిలో అయిదు తరగతులు.
నవంబరు.
స్టవ్ మీద ఆరేసిన ఉన్ని తొడుగులు
తడిసిన గొర్రె వాసన కొడుతున్నాయి.

“పడవలో ప్రతి ఒక్కరూ, ఖాళీ, చేతితొడుగులు వేసుకున్నారు.
ఖాళీలో ఏం రావాలి?”
అది పుస్తకంలో వాక్యం,
సముద్రం కనపడని ఏదో ఊళ్ళో అచ్చేసిన పుస్తకం.
“దెయిర్!” అన్నారు పిల్లలు, ఇంట్లో అట్లాగే అంటారు గనక.
“తప్పు. ప్రతి ఒక్కరూ అంటే లెక్కకు ఒక్కరే. హిజ్ రాయండి.”

వెనక బెంచీలోంచి డ్రుసిల్లా కీపింగ్ లేచింది.
పదమూడేళ్ళు. బొటనవేలికి గుడ్డపీలిక,
చేపముల్లు దిగిన చోట.
“మిస్, పడవలో హెస్టర్ అత్త కూడా ఉంది.
వంట అత్తదే.
ఆ తొడుగులు నేనే అల్లాను, ఎడమది కాస్త బిగుతు.
హిజ్ అని ఎట్లా రాయను?”

సుద్ద ఆగింది.
అయిదుగురు మగవాళ్ళ మధ్య ఒక ఆడమనిషి
ఎక్కడ కూర్చోవాలో
పుస్తకం చివర జవాబుల్లో కూడా లేదు.

అసలు ఆ ఊరి లింగాల లెక్కే వేరు.
ఓబెడ్ తాతకు సుత్తి ‘హి’, గొడ్డలి ‘హి’.
కత్తి కనపడకపోతే
“వాడెక్కడ చచ్చాడు” అని చూరంతా తడుముతాడు.
పడవ మాత్రం ‘షి’.
పడవను ‘ఇట్’ అన్నవాణ్ణి
తాత తన తెడ్డు కూడా ముట్టుకోనివ్వడు.

మిస్ టిబ్బో పాఠం మార్చింది.
“సిబ్బంది అంతా ఒక్కటై వల లాగితే, ఇట్.
సిబ్బంది తమలో తాము పోట్లాడుకుంటే, దే.”
“మునిగితే?” అన్నాడు ఆబ్నర్,
రెండో తరగతి, ముందు పళ్ళు లేవు.
స్టవ్‌లో కట్టె ఒకటి చిట్లింది.

మర్నాడు వ్యాసాలు వచ్చాయి.
డ్రుసిల్లా రాసింది:
“మార్చిలో హెస్టర్ అత్త మార్జొరీ బెస్ ఎక్కింది.
గాలి తూర్పుకు తిరిగింది.
నాలుగో రోజు షి తిరిగి వచ్చింది.”
‘షి’ కింద ఎర్రసిరా గీత.
పక్కన: ఎవరు?

అడగక్కర్లేదు. ఆ రోజు ఊరంతా రేవులో నిలబడింది,
మిస్ టిబ్బో కూడా, శాలువా మరిచిపోయి.
మార్జొరీ బెస్‌ను తాడు కట్టి లాక్కొచ్చారు.
పొయ్యిలో బూడిద ముద్దయింది.
కెటిల్ కొక్కేనికి కొక్కేనికే ఉంది.
ఎవరూ లేరు.
అయినా కలం తన అలవాటు కొద్దీ అడిగేసింది.

ఇది తెలుగులో చెబుతున్నాను కదా, నాకో చిక్కుంది,
చిక్కో సుఖమో.
ఆ అయిదుగురూ అయితే ‘వచ్చారు’ అనాలి.
పడవైనా వచ్చింది, అత్తయినా వచ్చింది.
ఇద్దరికీ ఒకే తలుపు తీసి పెడుతుంది నా క్రియ.
వచ్చింది అనగానే
ఒక్క క్షణం
హెస్టర్ రేవు మెట్లెక్కుతుంది,
ఎడమ తొడుగు పళ్ళతో పట్టి లాక్కుంటూ.
రెండో వాక్యం రాయకుండా ఉంటే ఎంత బావుండు.

కానీ డ్రుసిల్లా తిరగరాసింది:
“పడవ వచ్చింది. హెస్టర్ అత్త రాలేదు.
హెస్టర్ అత్త టీలో మొలాసిస్ పోసేది.
హెస్టర్ అత్తకు ఈత రాదు.
హెస్టర్ అత్త ఎడమచెయ్యి పెద్దది, కొలత నేనే తప్పాను.”
ఇట్లా తొమ్మిది వాక్యాలు.
ఒక్క సర్వనామం లేదు, తనకు తప్ప.

పునరుక్తి, అని రాయాలి మార్జిన్‌లో.
మిస్ టిబ్బో కలానికి మూత పెట్టింది.
బోర్డు మీది ‘హిజ్’ను మడమచేత్తో తుడిచింది,
సగమే చెరిగింది.

ఆబ్నర్ లేచి వెళ్ళి
స్టవ్ మీది తొడుగుల్ని రెండోవైపుకు తిప్పాడు,
అన్నీ,
ఎవరివేవో చూడకుండా.